ఎక్కడండీ అని అడిగే మనిషి

"నీ పిల్లని నువ్వు చూసుకో. నేను ఆయాని కాను."

"ఆయా అని ఎవరన్నారు అత్తయ్యా? నాయనమ్మ అన్నాను. రేపు రాకపోతే వేరే టీచర్ని పెట్టుకుంటామని హెచ్.ఎం. గారు తెగేసి చెప్పారు. ఒంటిపూట బడులే కదా, మధ్యాహ్నానికల్లా వచ్చి పడతాను."

"మీ అమ్మని రమ్మను."

"మా అమ్మకి మొన్ననేగా కంటి ఆపరేషన్ అయింది! వంగకూడదన్నారు."

"నాకు మాత్రం మోకాళ్ళు లేవా?"

"మోకాళ్ళట, మోకాళ్ళు. బుధవారం బుధవారం గుణదల దాకా బస్సులో ఊగుకుంటూ వెళ్ళొచ్చారుగా, అప్పుడేమయ్యాయి ఈ మోకాళ్ళు? చెప్పనా? ఆడపిల్ల మీకు చేదు. మొగపిల్లాడైతే చంక దించేవాళ్ళు కాదు."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. నా నోట్లోంచి ఏం వచ్చేదో తెలియదు గానీ, ఫోను మోగింది. హనుమాన్ జంక్షన్ లారీ ఆయన. గుణదలలో నాతోపాటు వైద్యానికి వచ్చేవాడు.

"అమ్మా, మేడమ్ గారు పోయారమ్మా. ఇందాకే. రేపు పొద్దున పదింటికి ప్రార్థనంట, ఆనక భూస్థాపనంట. నేను బండేసుకుని వస్తన్నా. మీరూ రండమ్మా."

ఫోను పెట్టేసి వంటింటి గడప మీద కూర్చున్నాను. గడప మీద కూర్చోకూడదని ఇంట్లో అందరినీ లేపేదాన్ని నేనే. కోడలు పాపని చంకనేసుకుని నిలబడే ఉంది. "ఎవరు పోయారు?" అంది, ఇందాకటి కోపంతోనే. నేను పలకలేదు. చెప్పాలంటే ఆవిడ ఎవరో చెప్పాలి. ఆవిడ దగ్గరికి ఎందుకు వెళ్ళానో చెప్పాలి. ఇంట్లో ఇన్నాళ్ళూ మోకాళ్ళ నొప్పులకి వెళ్తున్నానని చెప్పాను.

మోకాళ్ళు కాదు. పాపకి మూడో నెల వెళ్ళిన రోజుల్లో ఒక సాయంత్రం దాన్ని ఎత్తుకుని మా మెట్లు దిగుతున్నాను. వన్ టౌన్ ఇళ్ళ మెట్లు తెలిసినవాళ్ళకి తెలుసు. నిచ్చెనకి గోడ కట్టినట్టుంటాయి. కింద బట్టల గోడౌను, పైన మా కాపురం. సగం దిగానో లేదో గుండె దడదడా కొట్టుకుంది. కళ్ళ ముందు మెట్లు పైకి లేచాయి. అన్నిటికన్నా ఘోరం, చేతులు. మోచేతుల కింద చేతులు నావి కావన్నట్టు అయిపోయాయి. పాప ఆ చేతుల్లోనే ఉంది. నేను జారుతూ మెట్టు మీద చతికిలబడి, పాప గౌను అంచు పళ్ళతో పట్టుకున్నాను. కుక్క తన పిల్లని పట్టుకున్నట్టు. ఎంతసేపున్నానో తెలియదు. పాప నవ్వుతూనే ఉంది.

అప్పటినుంచి పాపని చూస్తే నాకు వణుకు. అది పాకుతూ నా వైపు వస్తే నేను పనున్నట్టు లేచిపోయేదాన్ని. ఎవరైనా చేతికి ఇవ్వబోతే చెయ్యి తడిగా ఉందనేదాన్ని. కోడలు చేదన్నది దీన్నే.

ఆస్పత్రిలో పరీక్షలన్నీ చేసి, గుండె గట్టిగానే ఉందమ్మా, ఇది భయం అన్నారు. నాకు కోపం వచ్చింది. మొగుడు పోయాక మా బట్టల కొట్టు గుమ్మంలో కూర్చుని షావుకార్లతో బేరాలాడినదాన్ని, నాకు భయమేమిటి! ఆ డాక్టరే గుణదలలో ఈవిడ దగ్గరికి పొమ్మన్నాడు. మందుబిళ్ళ లేదు, సూది లేదు. పదిమంది పెద్దవాళ్ళని కూర్చోబెట్టి, ఒంట్లో మనసులో జరిగేది జరిగినట్టు గమనించడం నేర్పుతారు. మైండ్‌ఫుల్‌నెస్ అంటారట దాన్ని. పోనీ, ఆడవాళ్ళకి బస్సు ఊరికే గనక ఒకసారి చూసొద్దాం అనుకున్నాను.

ఆవిడ మేడ మీద గది. వెళ్ళేసరికి ఆవిడ స్కూటర్ మీద అప్పుడే వచ్చి ఎర్ర హెల్మెట్ తీస్తోంది. జుట్టంతా అణిగిపోయి తలకి అంటుకుపోయింది, సర్దుకోలేదు. నలభై దాటి ఉంటుంది. నేత చీర. కొంగుకి పెట్టిన పిన్ను ఎప్పుడూ వంకరే. డాక్టరమ్మగారూ అంటే, "డాక్టర్ని కానండీ" అని ప్రతిసారీ చెప్పేది. ప్రతిసారీ, విసుక్కోకుండా. చివరికి అందరం మేడమ్ గారనే అన్నాం.

ఆవిడకి ఒక మాట ఉంది. ఎవరు ఏం చెప్పినా అదే అడిగేది.

"భయమేస్తుందండీ."

"ఎక్కడండీ?"

మొదట నాకు అర్థం కాలేదు. భయానికి చోటేమిటి? మెట్ల దగ్గర అన్నాను. "మెట్ల దగ్గర సరేనండీ. మీలో ఎక్కడ?" అంది. గొంతులోనా, గుండెలోనా, అరిచేతుల్లోనా. ఉంటే ఎంత మేర ఉంది, వేడా చలవా. కొట్టుకి వచ్చి చీర బేరమాడే మనిషి కూడా అన్ని ప్రశ్నలు వెయ్యదు. జవాబు చెప్పేదాకా తల కొంచెం పక్కకి వాల్చి చూసేది. తొందర పెట్టేది కాదు, సాయం చేసేదీ కాదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలా ఉండేది. ఆ నిశ్శబ్దం నాకు మొదట్లో మెట్లకన్నా భయంగా ఉండేది.

మొదటి రోజు తలా ఒక కిస్మిస్ పండు ఇచ్చింది. ఒక్కటి. దాన్ని చూడమంది, వాసన చూడమంది, చెవి దగ్గర పెట్టుకోమంది. ఆవిడ చెప్పడం పూర్తయ్యేలోపు నేను మింగేశాను. "మేడమ్ గారూ, మనిషికొక్కటి పంచడానికి ఇంత సేపా? వచ్చే వారం నేను పప్పుబిళ్ళలు తెస్తాను, దోసిట్లో పోస్తాను," అన్నాను. ఆవిడ నవ్వింది. పై పళ్ళ మధ్య సందు కనపడేలా, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. "తీసుకురండి. అవీ ఒక్కొక్కటే తిందాం," అంది.

మా వీధిలో ఒకావిడ నన్ను భయపెట్టింది. "గుణదల మేరీమాత భక్తురాలట, కళ్ళు మూయించి మతంలో కలిపేస్తుంది, జాగ్రత్త." ఇట్లాంటివి నేను కడుపులో దాచుకోను. వెళ్ళి అడిగేశాను. "నా ప్రార్థన నేను ఇంట్లో చేసుకుంటానండీ. ఇక్కడ మీ ఊపిరితోనే పని," అంది.

ఆ ఊపిరే నన్ను చంపబోయింది.

వీపు నిటారుగా పెట్టి కూర్చుని, ఊపిరి లోపలికి రావడం, బయటికి పోవడం చూడమనేది. అందరూ చూసేవాళ్ళు. కాసేపటికి వాళ్ళ మొహాలు తేటపడేవి. నాకు మాత్రం చెవుల్లో హోరు. గుండె దడ. మూడో బుధవారం చేతులు మళ్ళీ మెట్ల మీద పోయినట్టు పోయాయి. నేను లేచి అరిచాను. "నన్ను చంపుతావా తల్లీ! ఇంట్లో మెట్ల మీద వచ్చేదాన్ని ఇక్కడికి పిలిచి మరీ తెప్పిస్తున్నావు. చాలు నీ వైద్యం!"

వేరొకరైతే సర్దిచెప్పేవారు. ఆవిడ తన కుర్చీ కొంచెం దగ్గరికి లాక్కుంది. మనిషిని ముట్టుకునేది కాదు, కుర్చీనే జరిపేది. నేను తెప్పరిల్లేదాకా ఆగి అడిగింది.

"అమ్మగారూ, ఊపిరి చూడమన్నప్పుడు మీరేం చేశారు?"

"చూశాను."

"ఎట్లా చూశారు?"

"ఎట్లా చూస్తారు? బిగబట్టి చూశాను."

లారీ ఆయన పకాలున నవ్వాడు. "బిగబట్టాక ఇంక చూడ్డానికి ఏముంటదమ్మా!"

ఆవిడ నవ్వలేదు. "బిగబట్టడం ఎందుకండీ?" అంది.

ఎందుకంటే ఏం చెప్పను? దేన్నయినా శ్రద్ధగా చూడాలంటే ఊపిరి బిగబట్టాలి. అది కూడా తెలియదా చదువుకున్న మనిషికి అనిపించింది. అప్పుడు ఆవిడే తవ్వి తవ్వి అడిగితే మా పుట్టింటి సంగతి బయటికొచ్చింది. మాది నేత ఇల్లు. మగ్గం మీద పాత పడుగు అయిపోతే, కొత్త పడుగు పోగులు తెచ్చి పాత కొసలకి ఒక్కొక్కటీ అతుకుతారు. అచ్చు అతకడం అంటారు. ఆ పని ఆడపిల్లలది. వేళ్ళకి బూడిద రాసుకుని, పోగునీ పోగునీ కలిపి పురి పెట్టాలి. సన్న పోగు. ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది. ఇక మళ్ళీ వెతుక్కోవాలి. అయిదో తరగతితో బడి మాన్పించి నన్ను ఆ పనిలో కూర్చోబెట్టాడు మా నాన్న. వెనకాల నిలబడి, "ఊపిరి, ఊపిరి!" అనేవాడు. అంటే ఆపమని. సూదిలో దారం ఎక్కించినా, గిద్దెతో నూనె కొలిచినా, బియ్యంలో రాళ్ళు ఏరినా నేను ఇప్పటికీ ఊపిరి ఆపే చేస్తాను. ఆ సంగతి అప్పటిదాకా నాకే తెలియదు.

"ఆ మెట్లు దిగేటప్పుడు?" అంది ఆవిడ.

పసిబిడ్డ చేతుల్లో. నిటారు మెట్లు. పోగుకన్నా సన్నది ఆ ప్రాణం. బిగబట్టి ఉండనూ?

"ఇన్నేళ్ళుగా ఎంతోమందికి ఊపిరి చూడమని చెప్పాను. చూడటమంటే మీ ఇంట్లో ఏమిటని ఎవర్నీ అడగలేదండీ. తప్పు నాది," అంది. అందరి ముందూ అంది. "మీకు ఊపిరి వద్దు. వదిలేయండి, దాని పని అది చేసుకుంటుంది. మీ పాదాలు చూడండి. కింద ఏముంది?"

"గచ్చు."

"ఎట్లా ఉంది?"

"చల్లగా ఉంది."

"ఇంకా?"

"ఇసక తగుల్తోంది. సరిగ్గా ఊడ్చినట్టు లేదు."

లారీ ఆయన మళ్ళీ నవ్వాడు. ఈసారి ఆవిడా నవ్వింది.

భయం పోలేదు. పోయిందని రాస్తే అబద్ధం. కానీ అది వచ్చినప్పుడు ఇదివరకట్లా గుండె ఆగి చచ్చిపోతున్నాననే అనుకునేదాన్ని కాదు. అది వచ్చింది, మెడ వెనక ఉంది, ఇప్పుడు భుజాల్లోకి దిగింది అని తెలిసేది. తెలిస్తే తగ్గుతుందా అంటే, ఒక్కోసారి తగ్గేది, ఒక్కోసారి లేదు. "మేడమ్ గారూ, ఇది పూర్తిగా పోతుందా?" అని అడిగితే, "పోతుందని మాట ఇవ్వలేనండీ," అనేది. పైసా తగ్గించని కొట్టువాడిలా, నిజం దగ్గర ఆవిడ అంత గట్టి.

ఆవిడకి బల్లి అంటే ప్రాణభయం. ఒక బుధవారం ట్యూబులైటు మీదనించి బల్లి ఒకటి సరిగ్గా ఆవిడ ముందు పడింది. కెవ్వున కేకేసి కుర్చీ ఎక్కేసింది. మాకు నవ్వాగలేదు. లారీ ఆయన దాన్ని తువ్వాలుతో బయటికి తోలాడు. ఆవిడ కుర్చీ దిగింది, కూర్చుంది, సర్దుకుని పాఠం మొదలెడుతుందనుకున్నాం. చెయ్యి ముందుకు చాపింది. వేళ్ళు వణుకుతున్నాయి. "చూడండి. ఇంకా ఉంది. పొట్టలో కూడా ఉంది," అని మా అందరికీ ఆ చెయ్యి చూపించింది. వణికే చేతిని దాచుకోవడం నాకు తెలుసు. కొంగు కింద పెట్టుకుంటాను. నలుగురికీ చూపించిన మనిషిని నేను ఆవిడనే చూశాను.

పాపని పడేస్తానేమోనన్న సంగతి ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. "ఇంట్లో ఒక్కరికైనా చెప్పండమ్మగారూ. మీ కోడలికి చెప్పండి," అనేది.

"చెప్తే పాపని ఇంక నా చేతికివ్వదు."

నేననుకున్నాను, ఎందుకివ్వదండీ, తప్పకుండా ఇస్తుంది అంటుందని. ఆవిడ తల వాల్చి కాసేపు చూసి, "ఇవ్వకపోవచ్చండీ," అంది.

నేను చెప్పలేదు.

ఆఖరుసారి చూసింది గుణదల తిరునాళ్ళ ముందు వారం. కొండ కింద అప్పటికే పందిళ్ళు వేస్తున్నారు, బస్సు దూరాన్నే ఆపేశాడు, నడిచి వెళ్ళాను. తిరునాళ్ళ రోజుల్లో ఆ వీధిలోకి మనిషి దూరలేడు గనక క్లాసు ఉండదని ఏటా చెప్తుందట. ఈసారి, ఆ తరవాత కూడా ఉండదు అంది. అందరూ వెళ్ళాక నేను మెట్ల దగ్గర ఆగాను. ఆవిడ మెడ ఎముకలు తేలాయి. జాకెట్టు భుజాల మీద వదులుగా వేలాడుతోంది. బట్టల కొట్టు మనిషిని, ఒంటికి బట్ట వదులైతే నాకు చప్పున తెలుస్తుంది.

"ఒంట్లో ఏమిటి?" అన్నాను.

"స్కాన్ చేశారండీ. మంచిది కాదన్నారు."

"మీకు భయం లేదా?"

"ఉందండీ. పొద్దున లేవగానే ఉంటుంది. నేను కళ్ళు తెరవకముందే వచ్చి కూర్చుంటుంది."

ఇంతమందికి దారి చెప్పిన మనిషి. మంత్రమేదో వేసి తనది తాను పోగొట్టుకుని ఉంటుందని ఏదో మూల ఆశపడ్డాను కాబోలు. ఆ ఆశ పోయింది. ఓదార్చడం నాకు చేతకాదు. "పొద్దున్నే ఏం తింటున్నారు? కాఫీ తాగి ఊరుకుంటున్నారు కదూ. ఇడ్లీ అయినా రెండు తినండి. ఇట్లా ఎండిపోతే స్కూటర్ గాలికే పడిపోతారు," అని కేకలేశాను. ఆవిడ సరేనండీ అంది. చెయ్యి చాపింది. వణుకుతున్న చెయ్యి. నేను పట్టుకున్నాను. ఎవరినీ ముట్టుకోని మనిషి, చాలాసేపు వదల్లేదు.

ఆవిడ పోయారనే లారీ ఆయన ఫోన్ చేశాడు.

"అత్తయ్యా, ఎవరు పోయారంటే పలకరేం?" అంది కోడలు మళ్ళీ. గొంతులో కోపం తగ్గింది. నా మొహం ఎలా ఉందో మరి.

అప్పుడు చెప్పాను. గడప మీద కూర్చునే చెప్పాను. మోకాళ్ళు కాదని, మెట్ల మీద ఏమైందో, గౌను అంచు పళ్ళతో పట్టుకున్నానని. ఆడపిల్ల అని చేదు కాదని. దాన్ని ఎత్తుకుంటే చేతులు చచ్చుబడతాయేమో, పడేస్తానేమోనని ఇన్ని నెలలూ దూరంగా తిరిగానని.

కోడలు నా వైపున్న చంకలోంచి పాపని తీసి అటు చంకకి మార్చుకుంది. తెలిసి చేసిందో తెలియక చేసిందో. మేడమ్ గారు ఇవ్వకపోవచ్చండీ అన్నది ఇదే కదా అనుకున్నాను. నాకు వచ్చిన భయాలన్నిటిలోకీ అది పెద్దది. ఎక్కడుందని వెతకనక్కరలేదు, ఒళ్ళంతా ఉంది.

"ఆయనకి తెలుసా?" అంది. ఆయనంటే మా అబ్బాయి.

"ఎవరికీ తెలియదు."

"మెట్ల మీద... పడిపోతే ఏమయ్యేదత్తయ్యా?" అని ఏడ్చింది. పాప వాళ్ళమ్మ మొహం చూసి అదీ ఏడ్చింది. ఆ పూట కోడలు అన్నం వడ్డిస్తే తిన్నాను.

మర్నాడు పొద్దున కోడలు స్కూలు చీర కట్టుకుని వచ్చి, గది మధ్య పరుపు నేల మీద పరిచింది. కుర్చీ, స్టూలు గోడ వారకి లాగేసింది. మెట్ల తలుపుకి పై గడియ వేసి చూపించింది. "నిలబడి ఎత్తుకోకండి. కూర్చునే ఎత్తుకోండి. ఏమన్నా అనిపిస్తే పాపని పరుపు మీద పెట్టేసి నాకు ఫోన్ చెయ్యండి. క్లాసులో ఉన్నా తీస్తాను," అంది. పాపని నా ఒళ్ళో కూర్చోబెట్టింది. చేతులు తియ్యడానికి కొంచెంసేపు పట్టింది. తీసింది. వెళ్ళింది.

కింద వీధి తలుపు పడిన చప్పుడుకే అది వచ్చింది. గుండె, చెవులు, చేతులు. పాపని పరుపు మీద పెట్టేశాను. ఫోను చేతిలోకి తీసుకున్నాను. నొక్కలేదు. పాప పాక్కుంటూ మళ్ళీ వచ్చి నా ఒళ్ళోకి ఎక్కింది. దింపాను. మళ్ళీ ఎక్కింది. ఇంక దింపలేదు.

లారీ ఆయన ఫోన్ చేశాడు. "బయల్దేరారా అమ్మా? ప్రార్థన మొదలవుద్ది."

"రాలేను బాబూ. పాప నా దగ్గరుంది."

దానికి ఉగ్గు పెట్టే వేళ అయింది. కలిపాను. చెంచా వణికి మొదటి ముద్ద గడ్డం మీద పడింది. తుడిచాను. గిన్నెడూ తిన్నది.